బతికున్నదానికి మాసికం

థాయిలాండు గురించి ఈ కెనడాలో ఎవరికైనా ఏదైనా తెలుసుకోవాలని ఉంటే నా దగ్గరికి రావాలి. గొప్పకి చెప్పడం లేదు. ఇరవయ్యేళ్ల వయసులో కాకినాడ రేవులో బియ్యం ఓడ ఎక్కి రంగం, అదే రంగూన్, వెళ్లినవాణ్ని. అక్కణ్నించి అడవిదారిన తూర్పుకి నడిచి, ఏనుగులు దుంగలు లాగే చోట వాటి వెనకా, లాగని చోట వాటి పైనా ప్రయాణం చేసి, సరిహద్దులో మోయి నది దగ్గర తేలాను. నదిలో నీళ్లు నిండుగా ఉన్నాయి. పడవవాడు ఎక్కువ అడిగాడు. ఈదుకుంటూ వస్తున్న ఒక గేదె తోక పట్టుకుని అవతలి ఒడ్డుకి చేరాను. ఆ ఒడ్డున ఉన్న చిన్న ఊరే మే సోట్. అందుకని మా చెల్లెలు కనకదుర్గ, "అన్నయ్యా, నేను మే సోట్‌లో ఏడాది ఉండాలి, ఏర్పాట్లు చూడు" అన్నప్పుడు ఈ వీరరాఘవులు చలించలేదు. "అదెంత పనే! మన పెరడే కదా!" అన్నాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకి వెళ్తాను.

మా బావ రాజగోపాల్ మిస్సిసాగాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. రిటైరయిన మూడోనెలలో, పదిరోజులు ధ్యానం నేర్చుకుని వస్తానని థాయిలాండు వెళ్లాడు. పదకొండో రోజు ఫోన్ చేసి, "ఇక్కడ ప్రశాంతంగా ఉంది, ఇక రాను" అన్నాడు. మా చెల్లెలు ఏడవలేదు. "సంతోషం" అని ఫోను పెట్టేసి, ఏజాక్స్‌లో ఇంటి బేస్‌మెంట్‌ని చదువుకోవడానికొచ్చిన ఆడపిల్లలకి ఇచ్చింది. విమానం దిగిన ప్రతి పెట్టె వెనకా ఒక తెలుగు పిల్ల ఉండే రోజులవి. ఆరుగురు చేరారు. వాళ్లకి వండిపెట్టడమే ఆవిడ ప్రపంచమైంది.

ఆ ఆరుగురిలో ఒకర్తె వాసవి. రాత్రంతా గోడౌన్‌లో పెట్టెలు మోసి తెల్లారగట్ల వచ్చే పిల్ల. ఆ పిల్ల కోసం మా చెల్లెలు మెట్లమీద టిఫిన్ డబ్బా పెట్టి పడుకునేది. చదువైంది, వర్క్ పర్మిట్ అయిపోయింది, పీఆర్ పాయింట్లు మాత్రం అందలేదు. కెనడా పొమ్మంటే థాయిలాండు రమ్మంది. వాసవి మే సోట్‌లో బర్మా పిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది. ఒకరోజు బజారులో 'దుర్గాస్ కిచెన్' అన్న బోర్డు చూసి, పెసరట్టు దొరుకుతుందంటే లోపలికెళ్లింది. అల్లప్పచ్చడి నాలికకి తగలగానే తినడం ఆపేసిందట. ఆ చేతి రుచి తనకి తెలుసు. తలెత్తి చూస్తే గోడ మీద మా చెల్లెలు. వంగపండు రంగు వెంకటగిరి చీర, నుదుట రూపాయంత బొట్టు, ఫొటోకి మల్లెపూల దండ, ముందు వెలుగుతున్న అగరొత్తి. కౌంటర్ దగ్గర, ఏజాక్స్‌లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మా బావ, ఏప్రన్ కట్టుకుని అట్టు తిరగేస్తున్నాడు.

దండ వేసిన ఆ ఫొటోని వాసవి తన ఫోనులో తీసి పంపింది. పోయినవారం మనం ఆగింది అక్కడే. మా చెల్లెలు ఆ ఫొటోలో తన మొహాన్ని తను చాలాసేపు చూసుకుని ఒక్కటే మాట అంది. "ఏడాది."

ఇప్పుడు కథలోకి రండి.

ఆదివారం సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర సభ కూడింది. సభ అంటే ముగ్గురం: మా చెల్లెలు, నేను, మా మేనకోడలు ధాత్రి. ధాత్రి మిస్సిసాగాలో మందుల కంపెనీలో పని చేస్తుంది. 401 హైవే మీద ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వచ్చి, ఆ తిట్లు పూర్తికాకుండానే తల్లి మీదికి తిరిగింది.

"అమ్మా, ఏడాదా? ఆర్ యూ సీరియస్? టూ వీక్స్ వెళ్లు. డాడ్‌ని తిట్టాల్సినవన్నీ తిట్టు. వచ్చెయ్."

"తిట్టడానికి ఫోను చాలదుటే? నేను తిట్టడానికి వెళ్లడం లేదు. కాపురానికి వెళ్తున్నా."

"విత్ హూమ్?"

"నాతోనే. ఆయన ఎదురింట్లో."

ఎదురిల్లు సంగతి వాసవి అప్పటికే కనుక్కుని ఉంచింది, ఆంటీని ఎరుగుదునని మా బావకి చెప్పకుండానే. దుకాణానికి సరిగ్గా ఎదురుగా, కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు, పైన రెండు చెక్కగదులు, వీధివైపు చిన్న వరండా. ఇంటామె ఏడాదికైతేనే ఇస్తానంది. మా చెల్లెలికి కావలసిందీ ఏడాదే. ఎందుకు ఏడాది అని ధాత్రి మళ్లీ అడిగింది. ఆవిడ బీన్స్ తరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"చచ్చినవాళ్లకి నెలనెలా మాసికం పెడతారు. ఏడాది నిండాక ఏడూడి. అదయ్యేదాకా ప్రాణి ఇల్లు వదలదు, గుమ్మం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మీ నాన్న నన్ను చంపి నాలుగో నెల. తిరగాల్సింది చాలా ఉంది. తిరుగుతా."

నాకు ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, ఆనందంతో. ఎందుకంటే ఈ పగలో నాకూ వాటా ఉంది. మా బావకి శకునాల పిచ్చి. నేను ఎదురొస్తే చాలు, ఆఫీసుకి బయల్దేరినవాడల్లా లోపలికెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవాడు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాణ్ని, పొద్దున్నే వాకిట్లో నిలబడి ఊపిరి పీల్చుకునే హక్కు నాకు లేకపోయింది. ఆ మనిషి షట్టర్ ఎత్తే వేళకి ఎదురు వరండాలో చచ్చిపోయిన భార్య, పక్కన బావమరిది! ఇంతకన్నా మంచి శకునం లోకంలో ఇంకెవరు ఇవ్వగలరు?

పథకం మా చెల్లెలిదే. నేను నగిషీ పని మాత్రం చేశాను. మొదటి నెల మాట ఉండదు, పలుకు ఉండదు. ఫొటోలోని వంగపండు రంగు చీరే కట్టుకుని తెల్లారేసరికి వరండాలో నిలబడాలి. ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూసేసరికి లోపలికి తప్పుకోవాలి. ఊళ్లోవాళ్లు ఎవరైనా అడిగితే, "నేను కెనడా దుర్గ చెల్లెల్ని" అనాలా, ఏమీ అనకూడదా అన్నదాని మీద కాస్త చర్చ జరిగింది. ఏమీ అనకూడదని తేల్చాం. తర్వాత ఎప్పుడో, వీధిలోకి కిటికీ తెరిచి ఇంగువ పోపు వేయాలి. ఆ వాసన ఆయన దుకాణంలోకి వెళ్లాలి, ఆయన చేతిలో గరిటె ఆగిపోవాలి. ఆ తర్వాత ఒక మాసికం నాడు దుకాణంలోకి నడిచి వెళ్లి, తన ఫొటో కింద బల్ల దగ్గర కూర్చుని, "నా అన్నం ఏది?" అని అడగాలి.

"దట్స్ హారర్, అమ్మా" అంది ధాత్రి.

"మరేం చెయ్యమంటావు? పెట్టుకోనీ దండ అంటావా?"

"ఓహిప్ పోతుంది. ఏడాది బయట ఉంటే నీ హెల్త్ కార్డ్ పని చేయదు. జ్వరమొస్తే ఏం చేస్తావు?"

"చచ్చినదానికి జ్వరమేంటే?"

"బేస్‌మెంట్ అమ్మాయిలు?"

"ఆరుగురిలో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ వంట నేర్పాను. చచ్చినదాని చేతి వంట ఎన్నాళ్లు తింటారు?"

"స్టాప్ సేయింగ్ దట్!" అని ధాత్రి టేబుల్ మీద అరచేత్తో కొట్టింది. బీన్స్ ముక్కలు నాలుగు ఎగిరి నా మీద పడ్డాయి. ముప్పై ఏళ్ల పిల్ల, ఆ క్షణంలో ఎనిమిదేళ్లదానిలా కనపడింది. "నువ్వు కూడా అక్కడే ఉండిపోతే? డాడ్ కూడా టెన్ డేస్ అనే వెళ్లాడు."

మా చెల్లెలు కత్తి పక్కన పెట్టింది. లేచి కూతురికి కంచం పెట్టి, పప్పు వడ్డించి, నెయ్యి వేసింది. మా ఇంట్లో జవాబు లేని ప్రశ్నలన్నిటికీ నెయ్యి వేస్తారు.

మాట మార్చడానికి నేను నా థాయిలాండు అనుభవం తీశాను. మే సోట్‌లో వానలు ఎప్పుడు పడతాయి, నది ఎంత ఉరుకుతుంది, ఒడ్డున ఉన్న ఊళ్లోకి నీళ్లొస్తే ఏ అరుగెక్కాలి, అన్నీ చెబుతున్నాను. ధాత్రి ఫోనులో మ్యాప్ తీసింది.

"మామయ్యా, ఊరు నది ఒడ్డున అన్నావు. చూడు, నది ఎంత దూరంగా ఉందో."

"నేను వెళ్లినప్పుడు దగ్గరగానే ఉండేదమ్మా. నదులు జరుగుతూంటాయి."

"నీ ఫస్ట్ పాస్‌పోర్ట్ నేను అప్లై చేసిందే కదా? విజిటర్ వీసాకి?"

"అప్పట్లో పాస్‌పోర్టులు ఎవరడిగారు? గేదెని అడిగారా?"

"మామయ్యా."

పట్టుబడ్డాక నవ్వేయడం మా వంశాచారం. నవ్వేశాను. రంగం నేను వెళ్లలేదు. మా తాత వెళ్దామని కాకినాడ రేవుదాకా వెళ్లి, ఓడని చూసేసరికే కడుపులో తిప్పి, సాయంత్రం బండికి తిరిగొచ్చేశాడు. ఏనుగులు మా అయిదో తరగతి మేస్టారివి. ఆయన రంగంలో పుట్టి, యుద్ధంలో కాందిశీకుల వెంట నడిచి వచ్చినవాడు. లెక్కలు రాని రోజున మాకు ఏనుగుల గురించి చెప్పేవాడు. మాకు లెక్కలు ఎన్నడూ రాలేదు కాబట్టి ఏనుగులు బాగా వచ్చాయి. గేదె ఒక్కటీ నా సొంతం, అదీ మండపేట కాలవలోది. థాయిలాండు నాకు ఎంత తెలుసో మీకూ అంతే తెలుసు. అయితే ఏం? పగ తీర్చుకోవడానికి భూగోళం రానక్కర్లేదు. మనిషి తెలిస్తే చాలు. మా బావ నాకు బాగా తెలుసు.

అప్పుడే వాసవి వీడియో కాల్ వచ్చింది. మనకి సాయంత్రం ఏడు దాటితే వాళ్లకి మర్నాటి పొద్దు. తెరమీద వాసవి మొహం ఆ దేశపు ఎండకి కాస్త నల్లబడింది. బర్మా పిల్లలు రాశారేమో, బుగ్గల మీద గంధంలాంటి పూత.

"ఆంటీ, అంకుల్ ఈరోజే మాసికం పెడుతున్నారు. నది దగ్గర. నన్నూ రమ్మన్నారు. ఇంత దూరదేశంలో తెలుగమ్మాయివి దొరికావు, ఆ పిట్టకి పెట్టేటప్పుడు ఒక్క తెలుగు మనిషి పక్కన ఉంటే బావుంటుందన్నారు."

"మాసికం మధ్యాహ్నం కదే పెట్టాలి?" అంది మా చెల్లెలు. చావులో కూడా ఆవిడకి పద్ధతి తప్పకూడదు.

"మధ్యాహ్నం షాపులో రష్ ఉంటుందిట ఆంటీ."

మా చెల్లెలి పెదవి ఒక పక్కకి వంగింది. "నా పేరు మీద వ్యాపారం, ఆ వ్యాపారం కోసం నా మాసికం పొద్దున్నే. ఇంకా ఏం చెప్పాడే నా గురించి?"

వాసవి ఊళ్లోవాళ్లు చెప్పిందంతా చెప్పింది. మొదట్లో, దుర్గ ఎవరు అని అడిగితే, నా భార్య, త్వరలో వస్తుంది అనేవాడట. రెండేళ్లు అలాగే అన్నాడు. ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని చేపల బుట్టలవాళ్ల దగ్గర్నించి బడి ఆయా దాకా అందరూ అడుగుతూంటే, ఒకరోజు పొద్దున్న దుకాణం తెరవకుండా కూర్చుని, పోయింది అన్నాడట. వీధి వీధంతా వచ్చి ఓదార్చారట. ఒకామె అన్నం వండి తెచ్చిందట.

"ఎలా పోయానుట?"

"నిద్రలో ఆంటీ. చివరి నెల రోజులూ మంచం మీద ఉన్నారుట. అంకులే అన్నం కలిపి ముద్దలు పెట్టారుట. జుట్టు కూడా దువ్వారుట."

బీన్స్ గిన్నె మా చెల్లెలి ఒళ్లోంచి జారి నేల మీద పడింది. ఎవరూ వంగి తీయలేదు.

మీకు చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా చెల్లెలికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. ఆ రోజు మా బావ మాంట్రియల్‌లో స్నేహితుడి గృహప్రవేశంలో ఉన్నాడు. ముహూర్తం మార్చలేరు, ఆపరేషన్ అయితే మార్చుకోవచ్చు అన్నాడు. హాస్పిటల్లో ధాత్రి ఉంది. ఇంటికొచ్చాక గంజి నేను కాచాను, అది గంజి కాలేదు, జిగురయింది, ఆ సంగతి వేరు. ఆయన తిరిగొచ్చి ఆవిడ మంచం పక్కన నిలబడి అడిగిన మొదటి మాట, "నా బ్లూ షర్ట్ ఎక్కడ?"

"చంపడం నేను క్షమించేదాన్నేమో అన్నయ్యా" అంది మా చెల్లెలు. గొంతు పెరగలేదు. పెరిగితే నాకు భయం ఉండేది కాదు. "పీడ వదిలిందనుకుని చంపాడు, పోనీ. నాకు చెప్పకుండానే పుణ్యస్త్రీని చేశాడు, అదీ పోనీ. చెయ్యని సేవకి పేరు కొట్టేశాడు చూశావూ? నా చావుని అడ్డంపెట్టుకుని మంచి మొగుడైపోయాడు. ఆ ఊళ్లో ఆడవాళ్లందరూ ఇంటికెళ్లి, ఆ దుర్గ మొగుడిలాంటి వాడు దొరకలేదని వాళ్ల మొగుళ్లని దెప్పుతూంటారు. నాకు ముద్దలు కలిపి పెట్టాడుట, ముద్దలు!"

తెరమీద వాసవి నది వైపు నడవడం మొదలుపెట్టింది. ధాత్రి మెల్లగా ఫోను అందుకుని మన వైపు మాట వినపడకుండా మ్యూట్ నొక్కింది. "అమ్మా, నువ్వు ఇప్పుడు అరిస్తే డాడ్‌కి తెలిసిపోతుంది. ఊరు మారిపోతాడు. నీ ప్లాన్ గాన్."

తల్లి వెళ్లకూడదని అంతసేపు వాదించిన పిల్ల, ప్లాన్ పోకూడదని మ్యూట్ నొక్కింది. నేను గమనించాను. మా చెల్లెలూ గమనించింది.

తెరమీద నది కనపడింది. ఎర్రమట్టి నీళ్లు, అవతల బర్మా ఒడ్డు, మధ్యలో గట్టిగా చప్పుడు చేసుకుంటూ పోయే మోటరు పడవలు. వాసవి ఫోనుని గుండెల దగ్గర పట్టుకుని నిలబడింది. ముందు మా బావ. బాగా చిక్కాడు. పంచె కట్టుకున్నాడు. ఆ మనిషికి పంచె కట్టుకోవడం ఎప్పుడొచ్చిందో! చొక్కా లేదు. అరిటాకులో అన్నం, గారెలు, పప్పు, నువ్వుల పొడి. వీధివాళ్లు పదిమంది దూరంగా, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ దేశంలో చచ్చినవాళ్లంటే గౌరవం.

ఆయన విస్తరి రాతిమీద పెట్టి, వెనక్కి జరిగి, చప్పట్లు చరిచి "కా... కా..." అని పిలిచాడు.

రాలేదు.

"మూణ్నెల్లనించీ ఇంతేనమ్మా" అన్నాడు వాసవితో. గొంతు స్పష్టంగా వినపడింది. "పిట్ట ముట్టడం లేదు. ఏదో కోరిక ఉండిపోయింది మా ఆవిడకి. అదేంటో తెలియక చస్తున్నాను."

నాకు నవ్వాగలేదు. పిట్ట ఎలా ముడుతుంది? బతికున్నదానికి పెట్టిన పిండం కాకి ముట్టుకుంటే కాకి పరువు పోదూ! తను ఆడిన అబద్ధంలో తనే పడి, కాకి ముందు తనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు మా బావ. పక్కకి తిరిగి చూశాను. మా చెల్లెలు నవ్వడం లేదు. మొహం తెరకి దగ్గరగా పెట్టింది.

ఒక కాకి బర్మా ఒడ్డునుంచి, వీసా గీసా లేకుండా ఎగిరొచ్చి, పడవలు కట్టే గుంజ మీద వాలింది. మా బావ చేతులు జోడించాడు. పోయినవాళ్ల కోరిక తీరుస్తామని మాటిస్తే గానీ పిట్ట ముట్టదు కదా. ఆయన ఒక్కొక్కటే మొదలుపెట్టాడు.

"దుర్గా, కాశీ తీసుకెళ్తానన్నాను. తీసుకెళ్లలేదు. నీ పేరు మీద నేను వెళ్లొస్తాను."

కాకి రెక్క సవరించుకుంది.

"కాశీ ఎవరడిగారు? ఆయనే అన్నాడు, ఆయనే మర్చిపోయాడు" అంది మా చెల్లెలు.

"ముత్యాల దండ కావాలన్నావు. ధాత్రికి చేయిస్తాను."

"అది మా అత్తగారు అడిగింది. నేను కాదు."

"ధాత్రికి పెళ్లి చేస్తాను. నీ మనసులో ఉన్నట్టే, మనవాళ్లలోనే చూసి చేస్తాను."

"ఎక్స్‌క్యూజ్ మీ?" అంది ధాత్రి.

"మీ అన్నయ్యని ఇక ఒక్క మాట అనను. ఎదురొచ్చినా లోపలికెళ్లను."

కాకి గుంజ మీంచి లేచి, ఇంకా దూరంగా ఉన్న గుంజ మీద వాలింది. దాన్ని నేను వ్యక్తిగతంగా తీసుకోలేదు.

మా బావ చేతులు దించాడు. ఇంకా ఏమున్నాయో వెతుక్కుంటున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో భార్యకి ఏం కావాలో నాలుగు ఊహలతో అయిపోయింది ఆయన సరుకు. వీధివాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటున్నారు. నేను మా చెల్లెలి వైపు వంగి గుసగుసగా అడిగాను. "ఇంతకీ నీకేం కావాలే, అమ్మాయ్? నిజంగా ఉందా ఏదైనా?"

ఆవిడ నన్ను చూడలేదు. "ఉంది" అంది.

అప్పుడు మా బావ రాతి దగ్గరికి వెళ్లి, విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. కాకి వైపు చూడలేదు. అన్నం వైపు చూస్తూ ఏదో చెప్పాడు. పెదాలు కదలడం కనపడింది. అంతే. అదే క్షణంలో ఒక పడవ మోటరు మీద వెళ్లిపోయింది. ఆ మోత తప్ప ఇంకేమీ వినపడలేదు. ఒక చిన్న మాట, ఆరేడు పదాలుంటాయేమో. చెప్పి, కళ్లు మూసుకున్నాడు.

కాకి వచ్చింది.

తిన్నగా రాతి మీద దిగి, గారె అంచు పొడిచి, ముక్క కరుచుకుని, నది దాటి వెళ్లిపోయింది. వీధివాళ్లలో ఒక ముసలామె రెండు చేతులూ నుదుటికి తాకించింది. మా బావ లేవలేదు. మోకాళ్ల మీద మొహం పెట్టుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. వాసవి పది అడుగులు వెనక్కి వచ్చి ఫోనుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ఆ పిల్ల కళ్లలోనూ నీళ్లు.

ధాత్రి మ్యూట్ తీసింది.

"ఏమన్నాడు?" అంది మా చెల్లెలు.

"వినపడలేదు ఆంటీ. పడవ..."

"పక్కనే ఉన్నావు కదే!"

"దూరం జరగమన్నారు ఆంటీ. ఇది మా ఇద్దరి మధ్య మాట అన్నారు."

"అడుగు."

"ఎలా అడగను ఆంటీ? ఏడుస్తున్నారు."

"ఏడవనీ. అడుగు."

వాసవి అడగలేకపోయింది. సిగ్నల్ తెగిందో, తెంచిందో, తెర నల్లగా అయిపోయింది. ముగ్గురం ఆ నల్లటి తెరలో మా మొహాలు మేం చూసుకుంటూ కూర్చున్నాం.

నేను అనుకున్నాను, ఇక పగ చల్లారినట్టే అని. ఏడ్చిన మనిషి మీద ఆడవాళ్లకి జాలి పుడుతుంది, ఈవిడ ఇప్పుడు ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టి, దండ తీయించి, వదిలేస్తుంది, నా వరండా శకునం మురిగిపోతుంది అని దిగులుపడ్డాను. ధాత్రికీ అదే ఆశ పుట్టినట్టుంది. "అమ్మా, హీ వాజ్ క్రయింగ్" అంది మెత్తగా. "మే బీ జస్ట్ కాల్ హిమ్?"

మా చెల్లెలు నేల మీద చెల్లాచెదురుగా పడ్డ బీన్స్ ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూనే మాట్లాడింది.

"ముప్పై నాలుగేళ్లు పక్కన పడుకున్నాను. నాలుగు మాటలు నాతో మాట్లాడమంటే పేపరు అడ్డం పెట్టుకునేవాడు. నాకేం కావాలో ఆయనకి తెలుసు, ధాత్రీ. తెలియకపోతే కాకి రాదు. తెలిసీ నాకు చెప్పలేదు. నేను బతికుండగా చెప్పని మాట, పోయానని ఊరంతా చాటి, కాకికి చెప్పాడు. కాకికి!"

"అయితే?"

"అయితే ఏంటి? ఇంతకుముందు భయపెట్టడానికి వెళ్దామనుకున్నా. ఇప్పుడు అది చాలదు. ఎదురింట్లో దిగుతా. రోజూ కనపడతా. వణకనీ, దండం పెట్టనీ, ఊళ్లో పరువు పోయిందని కాళ్లు పట్టుకోనీ. ముద్దలు కలిపి పెట్టానన్నాడుగా, అదే ఊళ్లో, అదే జనం ముందు, నిజంగా కలిపి పెట్టిస్తా. జుట్టు దువ్విస్తా. ఆయన చెప్పుకున్న మంచి మొగుడి వేషం ఏడాదిపాటు ఆయన చేతే వేయిస్తా, ఒక్కరోజు సెలవివ్వను. చివరికి ఆ మాట నా మొహం మీద, పడవ చప్పుడు లేని చోట, గట్టిగా చెప్పిస్తా. చెప్పేదాకా దండ తియ్యనివ్వను. ఆ దండ కిందే కూర్చుని తింటా."

ధాత్రి లేచి మెట్ల కింద గదిలోంచి పెద్ద పెట్టె ఒకటి లాక్కొచ్చి తల్లి ముందు పెట్టింది. చక్రం ఒకటి విరిగిన పెట్టె, రాజగోపాల్ ధ్యానానికి వెళ్లేటప్పుడు వద్దని వదిలేసింది. "దిస్ వన్ ఈజ్ బిగ్గర్" అంది, ముక్కు ఎగబీలుస్తూ. మా చెల్లెలు అందులో ముందుగా వంగపండు రంగు చీర మడిచి పెట్టింది.

ఆ తర్వాత చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా వైపు తిరిగి, "అన్నయ్యా, రెండు టిక్కెట్లు తీయించు" అంది.

ఇందులో రాసిందంతా అక్షరాలా జరిగింది. నమ్మండి. కాకి నిజంగానే వచ్చింది, పడవ నిజంగానే అడ్డం పోయింది, నా మాట వచ్చేసరికి అది గుంజ మారడం కూడా నిజమే, ఎంత నామోషీ అయినా. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. రెండో టిక్కెట్టు. మా చెల్లెలు అడిగింది ఒక్కటే. "మరి నేను?" అన్నాను. "నువ్వెందుకన్నయ్యా? ఆ మాట ఇద్దరి మధ్యది" అంది. ఆ వరండాలో నేను నిలబడేది లేదు. అప్పుడు ధాత్రి, "రిటర్న్ ఎప్పటికి బుక్ చెయ్యాలమ్మా?" అని అడిగింది. దానికి ఆవిడ ఏమందో కూడా కల్పిద్దామని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నావల్ల కాలేదు. ఆవిడ లేచి, ధాత్రి కంచంలో మళ్లీ నెయ్యి వేసింది.